క్యానులో మిగిలిన పెట్రోలు

ప్రత్తిపాడులో వెంకటనారాయణని అరక అడిగితే ఇస్తాడు. మిరపతోటకు మందు కొట్టే పెట్రోలు మిషను అడిగితే తనే మోసుకొచ్చి ఇస్తాడు. బండి మాత్రం అడక్కూడదు. అడిగినా ఇవ్వనని మొహం మీద అనడు. "తాళంచెవి మీ వదిన దగ్గరుంది" అంటాడు. వదిన కోటిరత్నాన్ని అడిగితే "మీ అన్నయ్య జేబులో ఉంది" అంటుంది. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి అడిగినవాడే సిగ్గుపడి సైకిలెక్కి పోతాడు.

వేసవిలో మిరపకాయలు అమ్మి కొన్న బండి అది. ఊళ్ళోకి ఫోర్ స్ట్రోక్ బళ్ళు అప్పుడప్పుడే దిగుతున్నాయి. అంతకుముందు ఆయన ఏళ్ళ తరబడి నడిపింది టూ స్ట్రోక్ బండి. దానికి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. మనిషి వీధి మలుపు తిరక్కముందే దాని పొగ ఇంటికొచ్చేది. కొత్తది అలాంటిది కాదు. ఆయిల్ దారి ఆయిల్‌ది, పెట్రోలు దారి పెట్రోలుది. పొగ అన్నమాటే లేదు. ఆ సంగతి ఆయన ఊళ్ళో కనిపించినవాడికల్లా చెప్పాడు, అడక్కపోయినా చెప్పాడు.

తెల్లారగానే పాలు పితకడం కోటిరత్నం పని, బండి తుడవడం ఆయన పని. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులుపుతాడు. ఆ తర్వాతే తడిగుడ్డ. చువ్వల మధ్య ఇరుక్కున్న నల్లరేగడి మట్టిని అరిగిపోయిన పళ్ళ బ్రష్‌తో గీకుతాడు. చెయినుకి కిరసనాయిలు గుడ్డ, నల్ల ప్లాస్టిక్ ముక్కలకి చిటికెడు కొబ్బరినూనె. "నా తలకి కూడా లేదు అంత నూనె" అని కోటిరత్నం ఏదో ఒక వంకన అంటూనే ఉంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు గానీ నూనె తగ్గించడు.

అలాంటి బండి కార్తీకమాసంలో పొగ కక్కడం మొదలుపెట్టింది.

మీరా హుస్సేన్‌తో సర్వీసు చేయించి వారం కూడా కాలేదు. సెంటర్లో ప్రేమదాసు టీకొట్టు పక్కన రేకుల కింద మీరా మెకానిక్ షాపు. పాత బండిని ఇన్నేళ్ళు బతికించింది అతనే. కొత్త బండికి గుంటూరు కంపెనీవాళ్ళు చేసే సర్వీసులు అయిపోగానే వెంకటనారాయణ ఇంకో ఆలోచన లేకుండా తెచ్చి అతని ముందే పెట్టాడు. ఇప్పుడు చూస్తే పొద్దున కిక్కు కొడితే లేవదు, లేస్తే వెనక నీలిపొగ.

మీరా ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఇటుక రంగులో పొడిగా ఉండాల్సింది, తారు పూసినట్టు నల్లగా, తడిగా ఉంది. ఉప్పు కాగితంతో రుద్దాడు, నోటితో ఊదాడు, మళ్ళీ రుద్దాడు. తర్వాత ట్యాంకు మూత తీసి ముక్కు దగ్గరపెట్టి వాసన చూశాడు.

"అన్నయ్యా, పెట్రోల్లో ఆయిల్ వాసనొస్తంది. ఏమన్నా కలిపావా?"

"నేనెందుకు కలుపుతాను మీరా? ఈ బండికి ఆయిల్ కలపకూడదని ఊరందరికీ చెప్పింది నేనే."

"అలవాటున ఏమన్నా..."

"బంకులో పోయించిందే. నా చేత్తో వేరే చుక్క పోయలా. ఒట్టేసి చెప్పమంటే చెప్తా."

మీరా మళ్ళీ వాసన చూశాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. "అయితే నా ముక్కుకే జలుబు చేసినట్టుంది" అని ప్లగ్గు బిగించాడు. ఆ రోజుకి బండి బాగానే వెళ్ళింది. కానీ మర్నాటి సాయంత్రం చేలో మందు కొట్టి వస్తుంటే మళ్ళీ పొగ. ఆ మరుసటి పొద్దున కిక్కు కొట్టి కొట్టి వెంకటనారాయణ మోకాలు పట్టేసింది.

బండిని సెంటర్ దాకా తోసుకుంటూ పోయాడు. తనకున్న ఒక్క ముచ్చటా అలా బజార్లో తలొంచుకుని నడుస్తుంటే, టీ తాగేవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని చూస్తుంటే ఆయనకి ఒళ్ళు మండింది. అన్న కొడుకు కోటేషు అక్కడే ఉన్నాడు. "ఏం బాబాయ్, పొగ రాదన్నావు గదా" అన్నాడు. వాడు నవ్వులాటకే అన్నాడు. అది సూటిగా వెళ్ళి తగలాల్సిన చోట తగిలింది.

"నువ్వు చెయ్యి పెట్టకముందు ఎట్టుంది, పెట్టినాక ఎట్టుందో చూడు మీరా" అన్నాడు వెంకటనారాయణ.

"ఇంజను విప్పలేదు గదా అన్నయ్యా. ఆయిల్ మార్చా, కార్బొరేటర్ కడిగా, అంతే."

"విప్పావో లేదో నాకేం తెలుసు? బండి నీ దగ్గర వదిలేసిపోయానాయె. లోపల కంపెనీ సామాను తీసి పాతది వేశావేమో."

ప్రేమదాసు టీ వడకట్టడం ఆపాడు. అన్న మాట ఎంత పెద్దదో వెంకటనారాయణకి అంటున్నప్పుడే తెలిసింది. కానీ నలుగురూ వింటుండగా వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాలేదు. మీరా హుస్సేన్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, వేళ్ళ సందుల దాకా, మెల్లగా. తాళంచెవి సీటు మీద పెట్టాడు.

"వెంకటనారాయణ గారూ, బండి ఇంకెవరికన్నా చూపించుకోండి" అన్నాడు.

ఎన్నడూ గారు అన్నవాడు కాదు.

వెంకటనారాయణ మాటంటే ఊళ్ళో విలువుంది. గట్టు తగాదాల్లో ఆయన ఇదీ సంగతి అంటే ఇద్దరూ ఒప్పుకుని ఇళ్ళకి పోతారు. మీరా సామాను మార్చాడని ఆయన నోటివెంట వచ్చాక ఇంకెవరూ ఆరా తీయలేదు. సాయంత్రానికి కోటేషు తన బండి మీరా కొట్టు నుంచి తెచ్చేసుకున్నాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. సెంటర్లో రేకుల కింద మీరా ఒక్కడే కూర్చుని, తుడిచిన రెంచీలనే మళ్ళీ తుడుస్తూ కనిపించాడు.

ఇంతలో తుపాను పట్టింది. వాన ఆగక మందు కొట్టే పని లేకుండాపోయింది. వెంకటనారాయణ బంకులో పెట్రోలు పోయించుకుని ప్లగ్గు తనే తుడిచి బిగించాడు. రెండుమూడు సార్లు గుంటూరు పోయొచ్చేసరికి పొగ పోయింది. కిక్కు మీద కాలు వేస్తే చాలు స్టార్టు.

"చూశారా, మీరా చెయ్యి పెట్టకపోతే దానంతటదే బాగైంది" అన్నాడు ప్రేమదాసు కొట్టు దగ్గర. అనకుండా ఉండలేకపోయాడు, పాపం. తను చేసింది న్యాయమేనని ఎవరో ఒకరు తలాడిస్తే మనసు కుదుటపడుతుందని ఆశ. అందరూ తలాడించారు. మనసు మాత్రం కుదుటపడలేదు.

వాన వెలిశాక మిరప ఆకులు ముడుచుకుపోయి కనిపించాయి. ఇక ఆగితే తోట దక్కదు. వెంకటనారాయణ పెట్రోల్లో ఆకుపచ్చటి ఆయిల్ కలిపి క్యానులో పోసుకున్నాడు. మిషనుకి అదే తిండి, పాత బండికి లాగే. పొద్దుటినుంచి సాళ్ళ వెంట తిరిగి మందు కొట్టాడు. సాయంత్రం కాలవలో మిషను కడిగాడు, సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు, తలగుడ్డ విదిలించి కట్టుకున్నాడు. క్యానులో మిగిలిన పెట్రోలు బండి ట్యాంకులో వంపి, మూత బిగించి, ఖాళీ క్యాను హ్యాండిల్‌కి తగిలించాడు. ఏళ్ళ తరబడి మందు కొట్టిన ప్రతి సాయంత్రం ఆయన చేసేది ఇదే. పెట్రోలు ఇంట్లో పెడితే కోటిరత్నం ఒప్పుకోదు, పారబోస్తే చెయ్యి ఒప్పుకోదు. కాళ్ళు కడుక్కోవడానికి ఆలోచన ఎంత కావాలో దానికీ అంతే కావాలి.

ఊరు చేరేలోపే వెనక నీలిపొగ లేచింది.

దొడ్లోకి వచ్చేసరికి పాలగిన్నె పట్టుకుని అమీర్‌బీ నిలబడి ఉంది. మీరా భార్య. కోటిరత్నంతో ఏదో చెబుతున్నదల్లా ఆయన్ని చూసి మాట ఆపేసింది. పొగ దొడ్డంతా కమ్ముకుంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తలొంచుకుని వెళ్ళిపోయింది. ఆ పొగను ఆమె చూసినందుకు వెంకటనారాయణకి ఎందుకో తల కొట్టేసినట్టయింది.

అన్నం వడ్డిస్తూ కోటిరత్నం చెప్పింది. "మీరా కొట్టు తీయటం మానేశాడంట. పానాలూ రెంచీలూ అన్నిటికీ ఆయిల్ రాసి గోతంలో కట్టేశాడంట. సోమారం నుంచి గుంటూరు మిరప యార్డులో బస్తాలు మొయ్యటానికి పోతాడంట."

"ఆ నడుముతోనా?"

"ఆ నడుముతోనే."

ఆయన ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. "నేనేమన్నా పొమ్మన్నానా" అన్నాడు చివరికి.

"మీరు పొమ్మనలా. దొంగన్నారు."

మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

తెల్లారి అలవాటు ప్రకారం బండి దగ్గర కూర్చున్నాడు గానీ తుడవాలన్న సరదా లేదు. పొడిగుడ్డ అయింది, తడిగుడ్డ అయింది. ట్యాంకు మూత చుట్టూ తుడుస్తుంటే పంచె ముక్కకి ఆకుపచ్చ జిడ్డు అంటింది. ఆ జిడ్డు ఆయనకి కొత్త కాదు. మందు కొట్టిన మర్నాడల్లా తుడుస్తూనే ఉన్నాడు, మడతపెట్టి గుడ్డ అటు తిప్పేస్తూనే ఉన్నాడు. ఈసారి గుడ్డ తిప్పలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

లేచి వెళ్ళి క్యాను తెచ్చాడు. మూతి దగ్గర అదే ఆకుపచ్చ. అదే వాసన.

చాలాసేపు క్యాను ఒక చేత్తో, గుడ్డ ఒక చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తుపాన్లో పొగ ఎందుకు పోయిందో, నిన్న ఎందుకొచ్చిందో, సర్వీసు చేయించిన వారంలోనే తను మందు కొట్టడం ఎలా మొదలుపెట్టాడో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అరుగు మీద కూర్చున్నాడు.

"రత్నం, మిగిలిన పెట్రోలు నేను బండిలో పోస్తన్నానా?"

పాలచెంబుతో వస్తున్న కోటిరత్నం వింతగా చూసింది. "మందు కొట్టినప్పుడల్లా పోస్తానే ఉన్నారుగా. పాత బండికీ అంతేగా?"

"ఈ బండికి పోయకూడదే."

"పోయకూడదని ఊరందరికీ చెప్పారుగా. మీకు తెలీదని నేనెట్టా అనుకుంటాను?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది. ఆయన ఒట్టు పెట్టింది కూడా అబద్ధమని తెలిసి కాదు. చెయ్యి చేసిన పని నోటికి తెలియలేదు, అంతే. అంతే అనుకుంటే మాత్రం మీరా గోతం విప్పుతాడా.

క్యాను, గుడ్డ పట్టుకుని నడిచే వెళ్ళాడు సెంటర్‌కి. పొద్దుటి టీకి జనం ఉన్నారు. ఏ చోట అన్నాడో ఆ చోటే నిలబడ్డాడు.

"మీరా ఏమీ మార్చలా. మిషను పెట్రోలు నేనే బండిలో పోస్తన్నా. పొగ అందుకొచ్చింది. తప్పు నాది."

గ్లాసులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ప్రేమదాసు మెత్తగా నవ్వాడు. "నారాయణ గారి మనసు వెన్నండీ. యార్డుకి పోతన్నాడని తెలిసి ఊరుకోలేకపోయారు."

"అది కాదు ప్రేమదాసూ..."

"ఊరుకో బాబాయ్" అన్నాడు కోటేషు. "నువ్వు పోసే మనిషివా? బండి మీద ఈగని వాలనివ్వవు. జాలిపడి నీ మీదేసుకుంటన్నావు, మాకు తెలీదా?"

వెంకటనారాయణ క్యాను చూపించాడు, గుడ్డ చూపించాడు. వాళ్ళు గుడ్డ వైపు చూడలేదు, ఆయన మొహం వైపు అభిమానంగా చూశారు. ఆరోజు తెలియక చెప్పిన అబద్ధాన్ని ఒక్కడూ కాదనలేదు. ఈరోజు తెలిసి చెబుతున్న నిజం ఎవరికీ అక్కర్లేదు. పైగా ఆయన మంచితనం ఇంకాస్త పెరిగింది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికొచ్చి బండి తోసుకుంటూ మీరా వాళ్ళ సందులోకి వెళ్ళాడు. మీరా గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్నాడు. పక్కనే గోడకి ఆనించి మూతి కట్టేసిన గోతం. వెంకటనారాయణ గుడ్డ అతని చేతిలో పెట్టాడు, క్యాను కాళ్ళ దగ్గర పెట్టాడు. మీరా గుడ్డ వాసన చూశాడు. క్యాను మూతిని వేలితో తుడిచి ఆ వేలు వాసన చూశాడు. కళ్ళు మూసుకుని మరోసారి వాసన పీల్చాడు.

"చేలోంచి వచ్చేటప్పుడు పోస్తన్నా" అన్నాడు వెంకటనారాయణ. "పోస్తన్నానని నాకే తెలీలేదు మీరా. నిన్ను అనరాని మాటన్నా."

లోపల్నుంచి అమీర్‌బీ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. మీరా భార్య వైపు చూశాడు, గోతం వైపు చూశాడు. కోపం ఉన్నట్టు లేదు, లేనట్టూ లేదు.

"బండి ఇక్కడే పెట్టండి. ట్యాంకు దించి కడుగుతాను."

"ఇక్కడొద్దు. కొట్టు దగ్గర చెయ్యి."

"ఎక్కడైతే ఏమిటండీ?"

"నా మాట ఎవడూ నమ్మటల్లా. కళ్ళతోనన్నా చూడనీ."

అని వెంకటనారాయణ వంగి గోతం ఎత్తి భుజాన వేసుకున్నాడు. లోపల పానాలు గలగలమన్నాయి. అమీర్‌బీ "వద్దండీ" అని ఒకడుగు ముందుకేసింది. ఆయన అప్పటికే సందులో ఉన్నాడు. బండి అక్కడే వదిలేసి వెళ్ళాడు, తాళంచెవి దానికే ఉంచి. మీరాకి ఇక బండి తోసుకుంటూ వెనకాల రాక తప్పలేదు.

బజార్లో అదంతా చూసినవాళ్ళు చూశారు. తెల్లపంచె మీద గ్రీజు మరకలతో, ఆయిలు కారే గోతంతో వెంకటనారాయణ ముందు. ఆయన బండి మీద చెయ్యేసి మెకానిక్ సాయిబు వెనక. ఎవరో పలకరించారు, ఆయన పలకలేదు. బరువుకి మెడ తిరగలేదు.

రేకుల కింద మీరా గోనెపట్టా పరిచాడు. ట్యాంకు దించి పెట్రోలంతా గాజుసీసాలోకి ఒంపాడు. సీసా ఎండలో పెడితే లేత ఆకుపచ్చగా మెరిసింది. ఇంజను పైభాగం విప్పితే లోపల కాటుకలా మసి. సామాను కంపెనీది కంపెనీదే, ముద్ర సహా. మీరా ఒక్కొక్కటీ విప్పి ఇస్తుంటే వెంకటనారాయణ గొంతుకూర్చుని కిరసనాయిల్లో కడిగాడు. బండి తుడిచే పళ్ళ బ్రష్ ఇంటినుంచి తెప్పించి మూలలు గీకాడు. కడగడం సరిగా లేదని మీరా ఒక ముక్కని తిరిగి ఇచ్చాడు. ఆయన మళ్ళీ కడిగాడు. కోటేషు వచ్చి సీసా ఎత్తి చూశాడు, వాసన చూశాడు. దించి పెట్టి వెళ్ళిపోయాడు. ప్రేమదాసు రెండు టీలు తెచ్చి పెట్టి, "నిజంగానే పోశారన్నమాట" అని గొణుక్కున్నాడు.

సాయంత్రానికి బండి ఒకటైంది. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. బంకు ఊరి చివర గుంటూరు రోడ్డులో ఉంది. ఇద్దరూ చెరో పక్కనా పట్టుకుని తోసుకుంటూ వెళ్ళారు. ఊరు దాటాక వెంకటనారాయణ ఇక ఆపుకోలేక అడిగాడు.

"వాసన చూశావు గదా ఆ రోజు. ఆయిల్ అని నీకు తెలిసిపోయింది గదా. అందరి ముందూ సీసాలో ఒంపి నా మొహాన చూపిస్తే అయిపోయేదిగా. ఎందుకు ఊరుకున్నావు?"

మీరా బండిని రోడ్డు మీద గుంత తప్పించి తోశాడు.

"మీరు చుక్క పోయలేదన్నారు. ఒట్టేసి చెప్తానన్నారు. మీరు అబద్ధమాడే మనిషి కాదు. అందుకని నా ముక్కే చెడిందనుకున్నా. తర్వాత నా చేతులే చెడ్డాయేమో అనుకున్నా. మర్చిపోయి ఏదన్నా తిరగేసి బిగించానేమో అని పడుకుంటే అదే. అప్పటిదాకా చేసిన బళ్ళన్నీ గుర్తొచ్చినయి. చేతుల మీద నమ్మకం పోయినాక మెకానిక్ ఇంకేం పని చేస్తాడండీ? బస్తాలు మొయ్యటానికైతే నమ్మకంతో పనిలేదు గదా అనుకున్నా."

దొంగ అన్నందుకు ఊరొదిలి పోతున్నాడనుకున్నాడు వెంకటనారాయణ ఇప్పటిదాకా. తన మాట నమ్మి పోతున్నాడు.

బంకులో పెట్రోలు పోయించాడు. మూత తనే బిగించాడు. మీరా కిక్కు కొట్టాడు. మొదటి దెబ్బకే లేచింది. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి సైలెన్సర్ వైపు చూశారు. ఏమీ లేదు, సాయంత్రపు గాలి తప్ప.

మీరా దిగి బండి ఆయన వైపు వంచాడు. వెంకటనారాయణ పట్టుకోలేదు.

"నువ్వే పోనీ."

"నేనా?"

"పోనిమ్మన్నా గదా. సెంటర్ మీదుగా పోనీ."

మీరా ఎక్కాక వెంకటనారాయణ వెనక కూర్చున్నాడు. కొన్నప్పటినుంచి ఆ బండికి వెనక సీటుందని ఆయనకి తెలిసింది కోటిరత్నాన్ని ఎక్కించుకున్నప్పుడే. ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు తొడల మీద పెట్టుకుని, బండి కదిలాక ముందున్న భుజాన్ని పట్టుకున్నాడు. టీకొట్టు ముందు జనం లేచి నిలబడ్డారు. కోటేషు నోరు తెరుచుకుని చూశాడు.

"ఏంటి బాబాయ్, ఎనకెక్కావు?"

"బండిని చూసుకోవటం నాకు రాదని తేలిందిరా" అని గట్టిగా చెప్పాడు వెంకటనారాయణ. "నేర్చుకుంటన్నా. రేపు నీ బండి కూడా తీసుకురా, కలిసి నేర్చుకుందాం."

ఎవరో నవ్వారు. చేతి కింద మీరా భుజం ఒకసారి కదిలింది. అతను గేరు మార్చి వేగం తగ్గించాడు.

"కాళ్ళు పైన పెట్టుకో అన్నయ్యా" అన్నాడు వెనక్కి తిరగకుండా. "సైలెన్సర్ కాలుద్ది."